సీపీఆర్ మెట్లన్నీ నోటికి వచ్చు, కానీ చేతులు సరిగా చేస్తున్నాయా? (నర్సింగ్ విద్యార్థుల నైపుణ్యంపై చర్చ)

క్లినికల్_ట్యూటర్_మద్దిలపాలెం
నేను విశాఖపట్నంలోని ఒక నర్సింగ్ కళాశాలలో బోధిస్తున్నాను. మా విద్యార్థినులు సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, శ్వాస అందించడం) రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంటారు, రిటర్న్ డెమోలో (నేర్పినదాన్ని తిరిగి చేసి చూపించడంలో) చెక్ లిస్టులోని ప్రతి గడిలోనూ టిక్కు పడుతుంది. ఇటీవల లోతు, వేగం, ఊదిన గాలి పరిమాణం కొలిచి తెరపై చూపించే మానికిన్‌ను (సాధనకు వాడే మనిషి బొమ్మను) కొద్ది రోజులకని అరువు తెచ్చుకున్నాం. అదే పిల్లలు దానిపై చేసినప్పుడు వేగం దాదాపు అందరికీ నిమిషానికి 100 నుంచి 120 మధ్యనే ఉంది కానీ, లోతు మాత్రం చాలామందికి 5 సెంటీమీటర్లను అందుకోలేదు, అందుకున్నవాళ్లకు కూడా రెండో నిమిషంలో జారిపోయింది. అంబూ బ్యాగ్ (మాస్కు తగిలించి చేత్తో పిండి గాలి పంపే సంచి) దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మరీ కష్టంగా తయారైంది. కొందరి గాలి మాస్కు పక్కల నుంచి పోతోంది, కొందరు బ్యాగును అట్టడుగుదాకా పిండేస్తున్నారు. నోటితో ఊదే పాకెట్ మాస్క్ చేతికిస్తే వాళ్లే చక్కగా ఊదారు. మీ కళాశాలల్లో, మీ వార్డుల్లో ఏ పద్ధతి బాగా వస్తోంది, ఏది రావడం లేదు, దానికి మీరేం చేస్తున్నారో వివరంగా రాయండి.

నాలుగో_ఏడు_బీఎస్సీ
మేడమ్, మా దగ్గర కూడా అచ్చంగా ఇలాగే ఉంది. మా స్కిల్ ల్యాబ్‌లో ఉన్న మానికిన్‌కు మా సీనియర్లు అప్పలస్వామి అని పేరు పెట్టారు, ఇప్పుడు మేడమ్‌లు కూడా అలాగే పిలుస్తారు. సరైన లోతుకు నొక్కితే క్లిక్కుమని చప్పుడు రావాలి కానీ, ఎన్నో బ్యాచ్‌లు నొక్కీ నొక్కీ స్ప్రింగు వదులైపోవడం వల్ల ఇప్పుడు కొంచెం నొక్కినా క్లిక్కుమంటుంది. ఆ చప్పుడును నమ్ముకుని నేర్చుకున్న చేతికి నిజమైన లోతు ఎలా తెలుస్తుంది?

గాజువాక_జీఎన్ఎం
మీకు క్లిక్ అయినా వస్తోంది. మా అప్పలస్వామికి ఊపిరితిత్తుల సంచి చిరిగిపోయి చాలా కాలమైంది. ఎంత ఊదినా ఛాతీ లేవదు. అందువల్ల మేము ఊదినట్టు చేసి "చెస్ట్ రైజ్ ప్రెజెంట్" అని పైకి చెప్పి తర్వాతి మెట్టుకు వెళ్లిపోతాం, దానికి మార్కు కూడా పడుతుంది.

మత్తుమందు_డాక్టర్
పైన గాజువాక సిస్టర్ రాసిన ఒక్క వాక్యంలోనే సమస్య మొత్తం ఉంది. ఛాతీ లేచిందని పలికినందుకు మార్కు వేస్తున్నాం, లేపినందుకు కాదు.

అంబూ బ్యాగ్ సులువైన పరికరమన్న భ్రమ చాలామందికి ఉంది. అది 1956 నుంచి వాడుకలో ఉంది, ప్రతి క్రాష్ కార్ట్‌లోనూ (అత్యవసర పరికరాల బండిలోనూ) కనిపిస్తుంది, చూడ్డానికి పిండితే సరిపోతుందన్నట్టే ఉంటుంది. నిజానికి ఒక్క చేత్తో మాస్కును బిగించి పట్టుకుని, అదే చేత్తో దవడను పైకెత్తి, రెండో చేత్తో బ్యాగు పిండడం కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని. నేను ఆపరేషన్ థియేటర్‌లో విద్యార్థినుల చేతులను దగ్గరగా గమనిస్తాను. బొటనవేలు, చూపుడువేలు మాస్కుపై సీ ఆకారంలో సరిగానే ఉంటాయి. మిగిలిన మూడు వేళ్లు మాత్రం దవడ ఎముకపై ఉండకుండా గడ్డం కింద మెత్తని భాగంలో దిగబడి ఉంటాయి. అలా పట్టుకుంటే నాలుక వెనక్కి నెట్టుకుపోయి గాలి దారి మరింత మూసుకుంటుంది. మాస్కును ముఖం మీదికి అదమకూడదు, ముఖాన్నే మాస్కులోకి ఎత్తాలి. చిటికెనవేలు దవడ మూలకు తగిలిందో లేదో అడగండి, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఇద్దరు ఉన్నప్పుడు ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకోవాలి, మరొకరు బ్యాగు పిండాలి. వార్డులో ఒంటరిగా ఉండే నర్సుకు పాకెట్ మాస్కే మేలు, ఎందుకంటే దాన్ని రెండు చేతులతో బిగించుకోవచ్చు. మీ పిల్లలు పాకెట్ మాస్క్‌తో బాగా చేయడంలో ఆశ్చర్యం లేదు.

ఐసీయూ_సిస్టర్
డాక్టర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను కానీ, గాలి తక్కువ పోవడం కంటే ఎక్కువ పోవడమే మా దగ్గర తరచుగా చూస్తాను. పెద్దవాళ్ల బ్యాగులో లీటరున్నర దాకా గాలి పడుతుంది, మనకు కావలసింది 500 నుంచి 600 మిల్లీలీటర్లే. కోడ్ బ్లూ (రోగి గుండె ఆగిందని ఆసుపత్రిలో ఇచ్చే పిలుపు) మోగి గుండె దడదడలాడుతున్నప్పుడు చేతులు వాటంతటవే వేగంగా పిండేస్తాయి. శ్వాసనాళంలో ట్యూబ్ వేసిన తర్వాత 6 సెకన్లకు ఒక్కసారి చాలని తెలిసినవాళ్లు కూడా రెండు సెకన్లకొకసారి పిండుతుంటారు. ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకు తిరిగి రావలసిన రక్తం తగ్గిపోతుందన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు.

లెక్కల_మాస్టారు
ఇది విద్యార్థుల లోపం మాత్రమేనని ఎవరైనా అనుకుంటారేమోనని రాస్తున్నాను. 2004లో అమెరికాలో ఆఫ్డర్‌హైడ్ బృందం అనుభవజ్ఞులైన అంబులెన్స్ సిబ్బందిని గమనిస్తే, వాళ్లు సగటున నిమిషానికి 30 సార్లు గాలి పంపుతున్నారని తేలింది. 2005లో షికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 67 మంది రోగులకు చేసిన సీపీఆర్‌ను పరికరంతో కొలిచినప్పుడు, పరిశీలించిన సమయ ఖండాలలో 37 శాతానికి పైగా లోతు చాలలేదు, 60 శాతానికి పైగా శ్వాసలు మితిమీరాయి. అది శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న ఆసుపత్రి. కాబట్టి మన పిల్లలను తక్కువ చేసి మాట్లాడనవసరం లేదు. కొలవనంత కాలం ఎవరికి వారు బాగానే చేస్తున్నామనుకుంటారు, కొలిచినప్పుడు తేడా బయటపడుతుంది.

గాజువాక_జీఎన్ఎం
కొలవడం సరే మాస్టారూ, మాలో చాలామంది బక్కపలచగా ఉంటాం. ఎత్తు కూడా తక్కువే. భారీ శరీరం ఉన్న మనిషి ఛాతీని 5 సెంటీమీటర్లు నొక్కాలంటే మా బరువు సరిపోవద్దా? ఈ విషయం ఎవరూ మాట్లాడరు.

ఐసీయూ_సిస్టర్
మాట్లాడాల్సిందే తల్లీ, ఇది నిజమైన ఇబ్బంది. బరువు తక్కువున్నవాళ్లకు లోతు తగ్గడం, త్వరగా అలసిపోవడం సహజం. అయితే నేను వార్డులో చూసినంతవరకు బరువు కంటే మంచం ఎత్తే ఎక్కువ దెబ్బతీస్తుంది. ల్యాబ్‌లో మానికిన్ నేల మీద ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుని చేస్తారు, భుజాలు సరిగ్గా ఛాతీ పైకి వస్తాయి. వార్డులో మంచం నడుము దాకా ఉంటుంది, చేతులు ఏటవాలుగా పడతాయి, మోచేతులు వంగుతాయి, ఇక నొక్కేది భుజాల కండరాలతోనే. ఒక్క నిమిషంలో ఊపిరి అయిపోతుంది. మంచం క్రాంక్ తిప్పి మోకాలి ఎత్తుకు దించాలి, కుదరకపోతే కాలి కింద స్టూలు వేసుకోవాలి, అదీ లేకపోతే మంచం ఎక్కి మోకాళ్లపై కూర్చోవాలి. సిగ్గుపడే సమయం కాదు అది.

పరుపు సంగతి కూడా చెప్పాలి. మెత్తని పరుపు మీద నొక్కితే సగం పరుపే దిగుతుంది, ఛాతీ దిగదు. వీపు కింద గట్టి పలక పెట్టించండి. మా యూనిట్‌లో మంచం తలవైపు చెక్కను ఊడదీసి వాడతాం, దాన్ని ఊడొచ్చేలా తయారుచేస్తారన్న విషయం చాలామంది విద్యార్థినులకు పోస్టింగ్ ముగిసేదాకా తెలియదు.

నాలుగో_ఏడు_బీఎస్సీ
తలవైపు చెక్క ఊడుతుందని నాకు ఈ రోజే తెలిసింది. మూడు సంవత్సరాలుగా దాని మీదే కేస్ షీట్ తగిలిస్తున్నాం.

108_ఈఎంటీ
వేదిక మీద అంతా మంచం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి బయటి సంగతి చెబుతాను. ఇరుకు ఇళ్లలో, మేడమెట్ల మలుపుల్లో, బాత్రూం గుమ్మాల్లో పక్కన కూర్చోవడానికి చోటుండదు. అలాంటప్పుడు తల వెనక మోకరించి అక్కడి నుంచే ఛాతీ నొక్కే పద్ధతి ఉంది, ఒంటరిగా ఉన్నవాడు అక్కడి నుంచే బ్యాగ్ కూడా పట్టుకోవచ్చు. మామూలు పద్ధతికి ఇది బదులు కాదు కానీ, చోటు లేని చోట ఇదే దిక్కు. ఇంటర్న్‌షిప్‌కు వచ్చే నర్సింగ్ విద్యార్థులలో ఈ పద్ధతి గురించి విన్నవాళ్లే అరుదు, చేసినవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇక సముద్రం. రుషికొండ, యారాడ, ఆర్కే బీచ్ ఉన్న ఊరిలో చదువుకునే నర్సింగ్ విద్యార్థికి మునిగినవాళ్లకు చేసే సీపీఆర్ కచ్చితంగా రావాలి. జనం ఒడ్డుకు తీసుకురాగానే బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కుతారు, కాళ్లు పట్టుకుని తిప్పుతారు. నీళ్లు బయటికి రప్పించాలన్న ఆత్రంలో విలువైన నిమిషాలు పోతాయి, పొట్టలోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. అక్కడ గుండె ఆగింది ప్రాణవాయువు అందకపోవడం వల్ల. అందువల్ల ముందు శ్వాస ఇవ్వాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2 శ్వాసలతో, యూరోపియన్ రీససిటేషన్ కౌన్సిల్ 5 శ్వాసలతో మొదలుపెట్టమంటున్నాయి. ఒట్టి నొక్కుడుతో సరిపెట్టకూడదు.

భీమిలి_నాన్న
మా అమ్మాయి నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది కాబట్టి ఈ చర్చ చదువుతున్నాను. మా కాలనీలో జరిగిన అవగాహన శిబిరంలో డాక్టర్లు నోటితో ఊదడం అవసరం లేదు, ఛాతీ మాత్రమే నొక్కండి అని చెప్పారు. ఇక్కడేమో ఊదాలంటున్నారు. ఏది నమ్మాలి?

మత్తుమందు_డాక్టర్
రెండూ నిజమే, ఎవరికి చెబుతున్నారన్నదే తేడా. భారతీయ అనస్థీషియా వైద్యుల సంఘం ఆధ్వర్యంలో 2017లో వెలువడిన మార్గదర్శకాలు సామాన్య జనానికి కంప్రెషన్ ఓన్లీ (ఛాతీ నొక్కడం మాత్రమే) పద్ధతిని సూచించాయి. దారిలో కుప్పకూలిన పెద్దమనిషికి అప్పటిదాకా రక్తంలో ఉన్న ప్రాణవాయువు కొంతసేపు పనికొస్తుంది, పరాయి మనిషి నోటికి నోరు ఆనించడానికి జనం వెనకాడతారు, రెండు పనులు నేర్పితే రెండూ మానేస్తారు. కాబట్టి శిబిరంలో అలా చెప్పడం సబబే. మీరు ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి, చాలు.

అయితే మీ అమ్మాయి సామాన్య జనం కాదు, రేపటి నర్సు. ఆమె ఎదుట పడుకునేది మునిగిన మనిషి కావచ్చు, ఆయాసంతో ఆగిపోయిన పసిపిల్ల కావచ్చు, ఆసుపత్రిలో ఊపిరి బిగిసి పడిపోయిన రోగి కావచ్చు. 30 నొక్కులకు 2 శ్వాసలు ఆమెకు తప్పనిసరి.

గాజువాక_జీఎన్ఎం
నేను ఇక్కడ డాక్టర్ గారితో విభేదిస్తున్నాను. మా కళాశాలలో శిబిరాలకు వెళ్లి జనానికి నేర్పించేది మేమే. మాకు కూడా ముందుగా కంప్రెషన్ ఓన్లీ మాత్రమే పక్కాగా నేర్పి, అది కుదిరాక మిగిలినవి నేర్పితే మంచిది కదా? ఒకే మధ్యాహ్నం పూట పెద్దవాళ్లది, పిల్లలది, పసికందులది, ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం), గొంతులో ముద్ద అడ్డుపడితే చేసేది అన్నీ చూపించేస్తున్నారు. ఏదీ చేతికి రావడం లేదు.

మత్తుమందు_డాక్టర్
నేర్పే క్రమం గురించి మీరు చెప్పింది న్యాయంగా ఉంది, దానికి నేను ఒప్పుకుంటున్నాను. అక్కడితో ఆపేయడానికి మాత్రం ఒప్పుకోను.

పసికందుల_వార్డు
డాక్టర్ గారు పసిపిల్లల మాట ఎత్తారు కాబట్టి నా అనుభవం చేరుస్తున్నాను. పుట్టిన బిడ్డ విషయంలో విద్యార్థినులు చేసే మొదటి తప్పు పెద్దవాళ్ల లెక్కను ఇక్కడికి మోసుకురావడం. బిడ్డ ఏడవకపోతే చేయి వెంటనే ఛాతీ మీదికి పోతుంది. అక్కడ మొదటి నిమిషంలో జరగాల్సింది తుడవడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లేకపోతే బ్యాగ్‌తో గాలి అందించడం. ఛాతీ కదిలేలా 30 సెకన్లపాటు గాలి అందించాక కూడా గుండె నిమిషానికి 60 కంటే తక్కువ కొట్టుకుంటే అప్పుడు మాత్రమే నొక్కాలి, అది కూడా 3 నొక్కులకు 1 శ్వాస చొప్పున. చాలామంది బిడ్డలు సరైన గాలి అందగానే కోలుకుంటారు, నొక్కాల్సిన అవసరమే రాదు.

నొక్కాల్సి వచ్చినప్పుడు రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో నొక్కే పద్ధతికి లోతు బాగా కుదురుతుంది, చేయి అలసిపోదు. కొన్ని నెలల శిశువుల విషయంలో ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్నవాళ్లకు రెండు వేళ్ల కొసలతో నొక్కడం నేర్పాం. 2025లో వచ్చిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సవరణ ఆ రెండు వేళ్ల పద్ధతిని పక్కనపెట్టి, చుట్టి పట్టుకునే బొటనవేళ్ల పద్ధతి గానీ, ఒక అరచేతి మడమ గానీ వాడమంటోంది. మా దగ్గరికి పోస్టింగ్‌కు వచ్చే విద్యార్థినుల లాగ్ బుక్కులలో ఇప్పటికీ పాత బొమ్మే ఉంది.

క్లినికల్_ట్యూటర్_మద్దిలపాలెం
ఈ సవరణ సంగతి మా విభాగంలో వెంటనే చెబుతాను, ధన్యవాదాలు మేడమ్. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన బీఎస్సీ పాఠ్యప్రణాళికలో సీపీఆర్ శిక్షణకు తగిన చోటే దక్కింది. కాగితం మీద లోటు లేదు. నన్ను తొలుస్తున్నది తర్వాతి కాలం. నేర్చుకున్న నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలలలోనే తగ్గిపోతుందని ఎన్నో అధ్యయనాలు చెబుతుంటే, మనం ఒక సెమిస్టర్‌లో నేర్పి, ధ్రువపత్రం చేతిలో పెట్టి, మళ్లీ చివరి పరీక్షలో గానీ అడగడం లేదు.

నాలుగో_ఏడు_బీఎస్సీ
మేడమ్, మధ్యలో మేమే సాధన చేద్దామంటే స్కిల్ ల్యాబ్‌కు తాళం ఉంటుంది. పరికరాలు పాడవుతాయన్న భయంతో తనిఖీ వచ్చినప్పుడు మాత్రమే తీస్తారు. అప్పలస్వామికి కొత్త దుప్పటి కప్పేది కూడా ఆ రోజే.

108_ఈఎంటీ
పాడైపోవడానికే కదా మానికిన్ ఉన్నది. మనిషి మీద పొరపాటు పడకుండా దాని మీద పడాలి.

లెక్కల_మాస్టారు
ట్యూటర్ గారికి ఒక ఆచరణాత్మకమైన సూచన. ఏడాదికొక రోజంతా శిక్షణ ఇవ్వడం కంటే, కొద్ది నిమిషాల సాధనను తరచుగా చేయించడం మేలని ఇప్పటి మార్గదర్శకాలు కూడా అంటున్నాయి. రెండు నిమిషాలు నొక్కడం, కొన్ని శ్వాసలు ఇవ్వడం, తెర చూసి సరిచేసుకుని మళ్లీ చేయడం, అంతే. వార్డు పోస్టింగ్‌కు వెళ్లే ముందు దారిలో చేసి వెళ్లేంత చిన్నదిగా ఉండాలి.

మరో సంగతి ఏమిటంటే, పరిశీలకుడి కన్ను లోతును కొలవలేదు. వేగం చూసి చెప్పవచ్చు, చేయి పెట్టిన చోటు చూసి చెప్పవచ్చు, 4 సెంటీమీటర్లకూ 5 సెంటీమీటర్లకూ తేడా చూసి చెప్పడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు. కాబట్టి మొత్తానికి ఒక్క మార్కు వేయకుండా లోతు, వేగం, పూర్తిగా వదలడం, శ్వాస, నొక్కకుండా మధ్యలో పోయిన సమయం అని విడివిడిగా రాసిపెట్టండి. కలిపి వేస్తే వేగంలో వచ్చిన మార్కు శ్వాసలోని లోపాన్ని కప్పేస్తుంది.

ఐసీయూ_సిస్టర్
పూర్తిగా వదలడం అన్న మాటను మాస్టారు మంచి సమయంలో గుర్తుచేశారు. అలసిపోయిన పిల్లలు ఛాతీ మీద వాలిపోతారు. చేయి తీయరు, కానీ బరువు కూడా తీయరు. ఛాతీ పూర్తిగా పైకి రాకపోతే గుండె నిండదు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలన్న నియమం అందుకే ఉంది. అయితే తాను అలసిపోయానని నొక్కేవాళ్లకు తెలియదు, ఇంకా చేయగలనంటారు. టైం చూసే మనిషి వేరే ఉండి, "మారండి" అని గట్టిగా చెప్పాలి. ఆ మనిషిగా విద్యార్థినినే పెట్టండి, ఆమెకు మొత్తం దృశ్యం అర్థమవుతుంది.

గాజువాక_జీఎన్ఎం
లెక్కపెట్టడం గురించి ఒక మాట. మేము తెలుగులో పైకి లెక్కపెడుతూ నొక్కుతాం. ఇరవై దాటాక అంకె పలకడానికే ఎక్కువ సేపు పట్టి చేయి నెమ్మదిస్తోంది. మా సీనియర్ అక్క ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు లెక్కపెట్టమని చెప్పింది, అప్పటి నుంచి వేగం నిలకడగా ఉంది.

పసికందుల_వార్డు
చాలా మంచి చిట్కా. మా విద్యార్థినులకు కూడా చెబుతాను.

భీమిలి_నాన్న
డాక్టర్ గారూ, తేడా వివరించినందుకు కృతజ్ఞతలు. మా అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చింది. ఇంట్లో సాధన చేయడానికి ఏదైనా దారి ఉందా? తలగడ మీద నొక్కుతోంది.

మత్తుమందు_డాక్టర్
తలగడ మీద లోతు తెలియదు. మోచేతులు వంచకుండా, భుజాలు చేతుల మీదికి తెచ్చి, నడుము నుంచి ఊగుతూ నొక్కే భంగిమను, ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం వేసే యాప్) నిమిషానికి 110 దగ్గర పెట్టుకుని వేగాన్ని అలవాటు చేసుకోమనండి, ఆ రెండిటికీ తలగడ పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఛాతీ మీద మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ నొక్కకూడదు.

క్లినికల్_ట్యూటర్_మద్దిలపాలెం
లెక్కల మాస్టారు చెప్పినట్టు ఐదు గడుల పట్టిక తయారుచేశాను. శ్వాస గడిని మళ్లీ మూడుగా విడగొట్టాను: పాకెట్ మాస్క్, ఒంటరిగా అంబూ బ్యాగ్, ఇద్దరితో అంబూ బ్యాగ్. మానికిన్ మా దగ్గర ఉన్నన్ని రోజులు ప్రతి విద్యార్థిని నేల మీద ఒకసారి, వార్డు మంచం మీద పలకతో ఒకసారి చేస్తుంది. ల్యాబ్ తాళం విషయం ప్రిన్సిపల్ గారి ముందు లిఖితపూర్వకంగా పెట్టాను. ఐసీయూ సిస్టర్ గారూ, మంచం మోకాలి ఎత్తుకు దిగకపోతే స్టూలు ఎంత ఎత్తుది వాడాలి?

ఐసీయూ_సిస్టర్
కొలత పట్టుకుని కూర్చోకండి మేడమ్. మోచేతులు వంచకుండా నిలబడినప్పుడు విద్యార్థిని భుజాలు రోగి ఛాతీకి సరిగ్గా పైన ఉంటే ఆ స్టూలు సరిపోయినట్టే. పొట్టిగా ఉన్న అమ్మాయికి, పొడుగ్గా ఉన్న అమ్మాయికి ఒకే స్టూలు పనికిరాదు, రెండు రకాలు ఉంచండి. కాళ్లు జారకుండా అడుగున రబ్బరు ఉందో లేదో కూడా చూసుకోండి.